ఉప్పుమెట్ట 'అందింది' అనని రోజులు

జ్యేష్ఠ శుద్ధ విదియ

తెల్లారేసరికే నీళ్ళు పట్టడం అయిపోయింది. నీళ్ళ లెక్క చూసే గోడమీది పెట్టె ఎప్పటిలాగే "అందిందా అండి?" అని అడిగింది. "అందింది" అన్నాను. "సంతోషం అండి" అంది. ఇవాళ వడియాలు పెడదామనుకున్నాను గాని వదినకి డయాలసిస్ రోజు. పొయ్యి ముందు ఆవిడ వంటకే వెలిగింది.

వదిన అంటే మా ఆయన సుదర్శనం గారి అక్క, మాణిక్యాంబ. బడిలో లెక్కలు చెప్పి చెప్పి, ఇప్పుడు మా దగ్గర ఉంటోంది. మూత్రపిండాలు పని మానేశాక మూడు రోజులకోసారి పడవలో ఉప్పుమెట్ట ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఇదివరకు మా తాడిలంకలోనే ఒక పాత యంత్రం ఉండేది. మూడు ఊళ్ళూ ఒప్పందం చేసుకున్నాక దాన్ని విప్పి అక్కడికి పంపేశారు. ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంటు మెరకపేటకి, ధాన్యమూ పడవలూ మాకు, ఆసుపత్రి ఉప్పుమెట్టకి. ఎవరికీ అన్నీ ఉండకూడదు, అప్పుడే ఎవరూ ఎవర్నీ వదులుకోలేరు అని మా అధ్యక్షులు వీరాస్వామి గారు ఆ రోజు సభలో అన్నారు. నేనూ చప్పట్లు కొట్టాను. మంచి మాటే కదా.

క్యారియర్‌లో చారెడు అన్నం, ఉడికించి నీళ్ళు వార్చేసిన సొరకాయ కూర, మరచెంబులో గుక్కెడు నీళ్ళు. ఉప్పుమెట్టలో వదిన పచ్చి మంచినీళ్ళు ముట్టదు. మడి.

పడవ నీట మునిగిన పాత బస్టాండు కప్పు పక్కనుంచి వెళ్ళింది. కప్పు మీద కొంగలు నిద్రపోతున్నాయి. ఆసుపత్రిలో నర్సు సలోమి యంత్రం సిద్ధం చేసి కూర్చుంది.

"ఏంటండీ టీచరుగారూ, ఇవాళ క్యారియర్లో ఏం తెచ్చేరు?"

"నీకెందుకే. నువ్వు నాకు పెట్టేది సూదే గదా."

"మా నీళ్ళు మీ నెత్తుటికి పనికొస్తాయి గానీ నోటికి పనికిరావు. ఏం మడండీ బాబూ."

"నెత్తుటికి నాలిక లేదే," అంది వదిన. ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళది ఎప్పుడూ ఉండే తగువే.

సూది గుచ్చాక నేను వరండాలోకి వచ్చాను. ఆడవాళ్ళు వరసగా బిందెలు తెచ్చి ఆసుపత్రి ట్యాంకులో పోస్తున్నారు. ఎందుకని నా వెనకే వచ్చిన సలోమిని అడిగాను.

"పైపులో రావట్లేదు గదండీ. ఎండలకి మెరకపేట ప్లాంటు సరిగా ఇవ్వట్లేదంట. ఇళ్ళల్లో తాగేవి తెచ్చి యంత్రానికి పోస్తన్నారు."

"మరి పెట్టెకి అందిందనే చెప్తున్నారు కదా?"

"చెప్పకపోతే రేపు మీకెవ్వరికీ రావు. మాకూ రావు."

మా ఒప్పందానికి పంక్తి అని పేరు. పంక్తి భోజనంలో చివరి విస్తట్లో వడ్డించేదాకా మొదటి విస్తట్లో ముద్ద కలపరు కదా, అలాగన్నమాట. పైపు మెరకపేటలో మొదలై, మా ఊరి మీదుగా వెళ్ళి ఉప్పుమెట్టలో ఆగుతుంది. శివారు ఊరు 'అందింది' అంటే తప్ప మర్నాడు ప్లాంటు తిరగదు. శివారువాళ్ళకి అన్యాయం జరగకూడదని పెట్టుకున్న నియమమే ఇది.

చవితి

కుళాయి తిప్పితే గాలి వచ్చింది. పెట్టె తనంతట తనే మాట్లాడింది. "నిన్నటి వడ్డన అందిందని ఉప్పుమెట్టవారు అనలేదండి. కొంచెం ఓపిక పట్టండి."

వీధంతా బిందెలతో నిలబడిపోయింది. ఎదురింటి కనకలత, "అలిగేరన్నమాట. మగపెళ్ళివారి అలక. పట్టుపంచలు పెడితే గానీ దిగరు," అంది. అందరూ నవ్వారు. నాకు బిందెలు మోసిన ఆ ఆడవాళ్ళు కళ్ళల్లో మెదిలారు. నా బిందె తీసుకుని లోపలికి వచ్చేశాను.

గోలెంలో నీళ్ళున్నాయి. అంట్లు ఇసకతో తోమి ఉప్పునీటితో కడిగాను. రెండు రోజుల్లో సర్దుకుంటుందని పడవల షెడ్డు నుంచి వచ్చి మా ఆయన అన్నారు.

పంచమి

సర్దుకోలేదు. అయినా వదినని తీసుకుని వెళ్ళాను. ఆసుపత్రి మెట్ల మీద ఉప్పుమెట్ట అధ్యక్షులు కరుణాకరం గారు కూర్చుని ఉన్నారు. ఆయన చేపల వలలు అల్లే మనిషి. చేతులు ఊరికే ఉండవు, అప్పుడు కూడా ఏదో దారం ముడి వేస్తున్నారు.

"ట్యాంకులో ఉన్నది అందరికీ చాలదమ్మా. తలా సగం సేపు తిప్పమన్నాను. మీవాళ్ళని ఆపి మావాళ్ళకి ఇవ్వలేదు. అది మీ ఊళ్ళో చెప్పండి."

"చెప్తానండి. కానీ ఈ అలక ఎన్నాళ్ళండి?"

ఆయన తలెత్తి చూశారు. "అలగడానికి మేవేం వియ్యాలవారం కాదమ్మా. పోయినేడు ఎండల నుంచి సగం బిందెకి అందింది, అందింది అంటానే ఉన్నాం. మొన్న రాత్రి పెట్టె అడిగితే, ఊరి తరఫున జవాబు చెప్పే మా ఆవిడకి నోరు పెగల్లేదు. అంతే. నేను చెప్పమన్నదీ కాదు, వద్దన్నదీ కాదు." దారం ముడి బిగించి అడిగారు. "మీ ఇంట్లో ఎప్పుడన్నా తక్కువొచ్చేయా?"

"లేదండి."

"మరి. పైపు అదే కదా."

ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

సగం సేపు తిప్పాక వదిన కాళ్ళ వాపు సగమే తగ్గింది. తిరుగు పడవలో, "సగం గుణకారం చేసి వదిలేసినట్టుంది ఒళ్ళు," అంది.

సప్తమి

గోలెం అడుక్కి వచ్చింది. వీరాస్వామి గారింటికి వెళ్ళాను. వాళ్ళావిడ నాకు దూరపు చుట్టం. వరుసకి బాబయ్య అంటాను.

"బాబయ్యా, రేపు వదినకి డయాలసిస్. ఏదో ఒకటి చెయ్యండి."

"చేస్తన్నామమ్మా హైమా. ఉపసంఘం వేసేం."

"ఉపసంఘం ఏం చేస్తుంది?"

"ముగ్గురు అధ్యక్షులం ఒకే చోట కూర్చుని, ఒకే పెట్టె మీద ముగ్గురం వేలు పెడితే నియమం సడలుద్ది. ప్లాంటు తిరుగుద్ది. ఎక్కడ కూర్చోవాలన్నదే సమస్య."

"ఉప్పుమెట్ట వెళ్ళండి."

ఆయన నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూశారు. "మొదట వెళ్ళినోడు తప్పు ఒప్పుకున్నట్టు కదమ్మా. రేపు వాటాలు మళ్ళీ రాసేటప్పుడు అదే పట్టుకుంటారు. మెరకపేట రత్నావళి గారు మనూరిదాకా వస్తానన్నారు. కరుణాకరం కూడా ఇక్కడికే వస్తే మర్యాదగా ఉంటది."

"ఆయన రారు బాబయ్యా."

"అదే కదా. ఎవరూ రారు."

వాళ్ళావిడ నాకు కొబ్బరిబొండం కొట్టి ఇచ్చింది. ఊళ్ళో ఇప్పుడు అందరూ తాగేది అదే. ఉప్పునీటికి కొబ్బరిచెట్లు చావవు. అదొక్కటీ మాకు మిగిలిన అదృష్టం.

అష్టమి

ఇవాళ వద్దని ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. ట్యాంకు ఖాళీ.

డయాలసిస్ లేని రోజున వదిన ఏం తినకూడదో, ఏం తాగకూడదో నాకు కంఠతా వచ్చు. అరటిపండు కూడదు. టమాటా కూడదు. కూర ఏదైనా ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. పారబోయడానికి నీళ్ళేవి? అందుకని రాత్రి గంజి కూడా లేకుండా ఉత్త అన్నం మెతుకులు పెట్టాను. అన్నిటికన్నా ముందు, కొబ్బరినీళ్ళు అసలు కూడవు. గుండె ఆగిపోతుందని సలోమి మొదటిరోజే చెప్పింది.

ఊరంతా కొబ్బరినీళ్ళ మీద బతుకుతోంది. మా వీధిలో ప్రతి గుమ్మం ముందూ బొండాల గుట్టలు. వదిన మంచం మీంచి అటే చూస్తోంది. గోలెంలో మిగిలినవి ఆవిడకని ఒక చెంబులో దాచాను. మేమిద్దరం బొండాలు పెరట్లోకి తీసుకెళ్ళి తాగుతున్నాం.

"ఎందుకే దాక్కోవడం," అంది. "గొంతులోకి దిగే చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తంది."

దశమి

కబురు వచ్చింది. మెరకపేటలో కూడా నిల్వలు అయిపోవచ్చాయట. రేపు ముగ్గురూ ఉప్పుమెట్టలోనే కూర్చోడానికి వీరాస్వామి గారు ఒప్పుకున్నారు. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. మా ఆయన పడవ కడిగి సిద్ధం చేశారు. నీళ్ళు వదలగానే మొదటి వంతు దొరికేలా నేనూ వదినా అధ్యక్షుడి పడవ వెనకే వెళ్ళాలని అనుకున్నాం.

వదినకి ఆయాసం. పడుకోలేకపోతోంది. దిండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఆనించి కూర్చోబెట్టాను. గోరువెచ్చని ఉప్పునీటి బట్టతో కాళ్ళు తుడిచి చూశాను. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది.

ఏకాదశి

ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

వదినని ఆసుపత్రి వరండాలో పడుకోబెట్టాం. ఎదురుగానే పంచాయతీ హాలు, తలుపులు తీసే ఉన్నాయి. లోపల నేల మీద పెట్టె, దాని చుట్టూ ముగ్గురు అధ్యక్షులు. మాటలు త్వరగానే తెమిలాయి. మెరకపేట రత్నావళి గారు, "ఎండలు తగ్గేదాకా మూడు ఊళ్ళకీ ఒకే కొలత. ముందు శివారుకి వదిలాకే మాకు," అన్నారు. వీరాస్వామి గారు సరే అన్నారు. కరుణాకరం గారు కళ్ళు తుడుచుకున్నారు. ఒప్పందం రాసిన రోజున కూడా ఇంత బాగా మాట్లాడుకుని ఉండరు.

"వేళ్ళు పెట్టేముందు ఒక ముద్ద తినండి," అన్నారు కరుణాకరం గారు. "పంక్తి అన్నాక విస్తరి లేకుండా ఎలాగ."

విస్తళ్ళు వేశారు. వచ్చేవాళ్ళు ఏం తింటారో తెలుసుకుని వండినట్టున్నారు. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, తెల్లటి అన్నం. సలోమి నా చెవిలో చెప్పింది. "ఇంటికో చెంబు పోగుచేసి వండేరండి. పిల్లలకని దాచుకున్నవి."

రత్నావళి గారు కూర్చుని అన్నం కలిపారు. వీరాస్వామి గారు విస్తరి ముందు కూర్చోలేదు. చేతులు జోడించి నిలబడ్డారు.

"క్షమించాలండి. ఇవాళ నిర్జల ఏకాదశి. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను."

కరుణాకరం గారు చేతిలో గరిటెతో అలాగే ఉన్నారు.

"మీరు ఏకాదశి ఉంటారా అండి?" అన్నారు, చాలా మెల్లగా. "ఒప్పందం రాసింది కూడా ఏకాదశినాడే. ఆ రోజు మీ ఊళ్ళో మా పక్కనే కూర్చుని పులిహోర తిన్నారు."

"అది వేరండి."

"అది మీ ఊరి పులిహోర."

వీరాస్వామి గారు జోడించిన చేతులు దించారు. ఆ క్షణంలో ఒక్క మెతుకు నోట్లో వేసుకుని ఉంటే సరిపోయేది. నాకు తెలిసి ఆయన చెడ్డవాడు కాదు. కానీ అందరూ చూస్తూ ఉంటే ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయనకి చేతకాలేదు. ఆయన తాతలకీ చేతకాలేదు.

కరుణాకరం గారు గరిటె గిన్నెలో పెట్టారు. పెట్టె మీద వేలు పెట్టకుండానే బయటికి వెళ్ళిపోయారు. వెనకాల పడవల రేవు దగ్గర వాళ్ళ కుర్రాళ్ళు మా పడవ తాళ్ళు విప్పి పట్టుకున్నారు, ఎక్కమన్నట్టు.

నేను హాల్లోకి వెళ్ళి ఆ ఖాళీ విస్తరి ముందు కూర్చున్నాను. కరుణాకరం గారి భార్య వడ్డించింది. తిన్నాను. ఆవిడ నా పక్కనే కూర్చుని, "మీరు తిన్నది మా మనసుకి తెలుస్తందమ్మా. పెట్టెకి తెలీదు కదా," అంది.

వరండాలోంచి వదిన అంతా చూసింది. పడవలో వీరాస్వామి గారు ఎదురుగా కూర్చునే ఉన్నారు. ఆయనకి వినపడేలాగే అంది. "నిర్జల ఏకాదశిట. ఊరు ఊరంతా వారం నుంచి నిర్జలమే. నేను తిననంటే ముసలిదాన్ని, మూర్ఖురాలిని, నా వల్ల ఎవరికీ దాహం లేదు. ఈయనకేం వచ్చింది?"

ఆయన కండువా తల మీదికి లాక్కుని నీళ్ళకేసి తిరిగారు.

త్రయోదశి

చెంబులో నీళ్ళు పొద్దున్నే అయిపోయాయి. వీధిలో ఇల్లిల్లూ అడిగాను. కనకలత చంటిపిల్ల కోసం దాచిన గ్లాసులోంచి రెండు చెంచాలు పోసింది. అంతకంటే అడగలేకపోయాను.

వదిన నాలిక ఎండి పలకలా అయింది. మాట తడబడుతోంది. మా ఆయన అక్క పాదాల దగ్గర కూర్చున్నారు. ఏమీ చెయ్యలేని మనిషి కూర్చున్నట్టు.

"హైమా," అంది. "బొండం కొట్టు."

"వద్దొదినా."

"నేను లెక్కల టీచర్నే. తాగితే ఏవవుతుందో తెలుసు. తాగకపోతే ఏవవుతుందో కూడా తెలుసు. రెండూ ఒకటే. ఒకదాంట్లో దాహం ఉండదు."

మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. నేను బొండం కొట్టాను. ముందు చెంచాతో పోశాను. తర్వాత గ్లాసుతో ఇచ్చాను. ఆవిడ కళ్ళు మూసుకుని తాగింది. అంత సుఖం ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

"ఉప్పుమెట్టలో అన్నం ఎలా ఉందే?" అని అడిగింది.

"బాగుందొదినా. పప్పులో ఇంగువ వేశారు."

"వేస్తారు," అంది.

చతుర్దశి

తెల్లవారుజామున వదిన పోయింది. నేను పక్కనే ఉన్నాను. గుండె రెండుసార్లు తడబడి ఆగింది. పెద్ద బాధేమీ పడలేదు.

స్నానం చేయించడానికి మంచినీళ్ళు లేవు. కొబ్బరినీళ్ళతో ముఖం తుడిచాం.

శవాన్ని తీసుకెళ్తుండగా దారిలో చెప్పారు. నిన్న రాత్రి ఉప్పుమెట్టవాళ్ళు 'అందింది' అన్నారట. ఎవరూ వెళ్ళలేదు, ఎవరూ బతిమాలలేదు. చుక్క నీరు రాకముందే అన్నారు. అక్కడ పిల్లలకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయట. పంతం పట్టి కూర్చునే వెసులుబాటు లేకపోయింది. కరుణాకరం గారి భార్యే చెప్పిందట, పెట్టె అడక్కముందే.

ఇప్పుడు ప్లాంటు తిరుగుతోంది. మొన్న మాట్లాడుకున్న కొత్త కొలతల మీద వేళ్ళు పడలేదు కనుక పాత కొలతలే. ముందు మెరకపేట, తర్వాత మేము, చివర వాళ్ళు. ఉపసంఘం తన పని పూర్తయిందని తీర్మానం చేసుకుంది.

బహుళ పాడ్యమి

కుళాయి కింద బిందె పెట్టి వచ్చి పొయ్యి వెలిగించబోతుంటే పెట్టె మాట్లాడింది.

"మాణిక్యాంబ గారి డయాలసిస్ వాటా నిన్న ఆసుపత్రికి వదిలేమండి. అందిందా అండి?"

మా ఆయన చదువుతున్న పత్రిక ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

మందుకీ వైద్యానికీ వదిలే నీళ్ళకి వేరే వరస. దానికి రోగి ఇంటివాళ్ళే జవాబు చెప్పాలి. చెప్పేదాకా వరసలో తర్వాతి వాళ్ళకి వదలరు. నాకు తెలుసు. కానీ ఈ ఇంట్లో ఆ ప్రశ్నకి ఎప్పుడూ వదినే జవాబు చెప్పేది. "అందిందిలే, విసిగించకు" అనేది.

"ఆవిడ పోయారు," అన్నాను.

"అర్థం కాలేదండి. అందిందా, అందలేదా అండి?"

సలోమికి కబురు చేశాను. "అందలేదు అని చెప్పమంటారా?" అని అడిగాను. అది నిజం కదా. కాసేపటికి జవాబు వచ్చింది.

"మీ ఇష్టం అండి. అందలేదంటే విచారణకి మనుషులొస్తారు. అది తేలేదాకా ఆసుపత్రి వరస ఆగుద్ది. ఇవాళ వంతు ఉన్నోళ్ళలో ఒకమ్మాయి కడుపుతో ఉందండి. మా ఊరి పిల్లే. మెట్ట చివర ఇల్లు."

తర్వాత ఇంకోటి వచ్చింది. "టీచరు గారి సంగతి తెలిసిందండి. ఆవిడ మంచం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు."

పెట్టె మళ్ళీ అడిగింది. అదే మర్యాద, అదే గొంతు. కరుణాకరం గారి భార్య ఏడాది పొడుగునా ఈ గొంతుకి ఎదురుగా ఎలా నిలబడి ఉంటుందో అనుకున్నాను.

"అందింది," అన్నాను.

"సంతోషం అండి."

వీధిలోకి వెళ్ళి బిందెలు ఒక్కొక్కటే నింపుకున్నాను. ఆఖరి బిందె నిండాక గాని గుర్తు రాలేదు, అది వదిన వాటా అని. పెట్టె లెక్కలో మా ఇంట్లో ఇంకా ముగ్గురమే. పడవలు ఆ పక్కనే రేవులో కట్టి ఉన్నాయి. ఈ బిందె ఉప్పుమెట్ట పంపిద్దామా అని అలాగే నిలబడ్డాను.

"కాస్త జరగండి పిన్నిగారూ," అంది వెనక ఉన్న కనకలత.

జరిగాను. బిందె చంకనెత్తుకుని లోపలికి తెచ్చి, మూత పెట్టాను.